లూప్‌లోకి వెళ్లిన తేదీ అంకెగా ఎందుకు బయటికొస్తోంది?

2024 జనవరి 1 అనే తేదీని డేటా లెక్కలకు వాడే ప్రోగ్రామింగ్ భాష ఆర్‌లో ఫర్ లూప్‌కి (ఒకే పనిని ఒక్కో విలువ మీదా మళ్లీ మళ్లీ చేయించే కోడ్) ఇచ్చి, లోపల ప్రింట్ చేసి చూడండి. తెర మీద 19723 అని పడుతుంది. ఎర్రర్ రాదు, వార్నింగూ రాదు.

ఆ అంకె ఎక్కడిదంటే, 1970 జనవరి 1 నుంచి గడిచిన రోజుల లెక్క. ఆర్ తేదీని దాచుకునేది ఇలా సంఖ్యగానే. ‘ఇది తేదీ’ అని చెప్పే క్లాస్ గుర్తు దానికి తగిలించి ఉంటుంది. ఫర్ లూప్ వెక్టర్ (ఒకే రకం విలువల వరుస)లోంచి ఒక్కో విలువా తీసేటప్పుడు ఆ గుర్తును వదిలేసి, ఉత్త సంఖ్యను చేతిలో పెడుతుంది.

ఆ సంఖ్యను ఏ వారమో చెప్పే వీక్‌డేస్ ఫంక్షన్‌కి ఇస్తే ఎర్రర్ వచ్చి పని ఆగిపోతుంది. అది మన అదృష్టం. దానికి 30 కలిపితే మాత్రం 19753 అని బుద్ధిగా జవాబొస్తుంది. ఒకసారి నేను నెలవారీ నివేదికలను లూప్‌లో సేవ్ చేశాను. ఫోల్డర్ తెరిస్తే ఒక్క ఫైలు పేరులోనూ తేదీ లేదు, అన్నీ ఐదంకెల సంఖ్యలే. తప్పు నా లెక్కలో ఉందనుకుని సాయంత్రమంతా వెతికాను.

ఫ్యాక్టర్‌ని, అంటే వర్గాల పేర్లను లోపల కోడ్ అంకెలుగా దాచుకునే రకాన్ని, లూప్‌కి ఇస్తే ఆ అంకెలు రావు, టెక్స్ట్ వస్తుంది. అలా మార్చి ఇస్తామని ఆర్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. అంటే ఈ ప్రమాదం తెలిసే ఫ్యాక్టర్‌కి ఏర్పాటు చేశారు. తేదీకి ఎందుకు చేయలేదన్నదే నా ప్రశ్న.

‘అసలు లూప్ ఎందుకు, ఎస్అప్లై వాడొచ్చుగా’ అనే సలహా తరచూ వినిపిస్తుంది. ఎస్అప్లై అంటే ఒక ఫంక్షన్‌ని ఒక్కో విలువకూ వర్తింపజేసేది. కానీ అది లోపల తేదీని తేదీగానే ఉంచినా, చివర్లో ఫలితాలను ఒక్క వెక్టర్‌గా కుదించేటప్పుడు మళ్లీ అంకెల్నే ఇస్తుంది. పట్టిక వరుసలు, కాలమ్‌ల మీద పనిచేసే అప్లై ఇంకా ప్రమాదకరం. అది డేటాఫ్రేమ్‌ని (ఒక్కో కాలమ్‌లో ఒక్కో టైపు ఉండగల పట్టిక) ముందు మ్యాట్రిక్స్ చేస్తుంది, మ్యాట్రిక్స్‌లో ఒకే టైపు ఉండాలి. పేర్ల కాలమ్ ఒక్కటున్నా వయసులన్నీ టెక్స్ట్ అయిపోతాయి. అప్పుడు 10 అనేది 9 కంటే పెద్దదా అని అడిగితే కాదంటుంది, ఎందుకంటే టెక్స్ట్‌ని మొదటి అక్షరం నుంచి పోలుస్తుంది.

పైథాన్‌లోనూ ఈ బాధ ఉంది. దాని డేటా లైబ్రరీ పాండాస్‌లో, పట్టికను వరుస తర్వాత వరుసగా అందించే ఇటర్‌రోస్ ఒక్కో వరుసను ఒకే టైపు ఉన్న సిరీస్‌గా మారుస్తుంది. పూర్ణాంకం పక్కన దశాంశం ఉంటే రెండూ ఫ్లోట్ (దశాంశ సంఖ్యల టైపు) అవుతాయి. ఫ్లోట్ 9007199254740992 దాటాక ప్రతి పూర్ణాంకాన్నీ పట్టుకోలేదు. 17 అంకెల ఐడీ అయితే చివరి అంకె మారిపోవచ్చు. ఇటర్‌రోస్ బదులు ఇటర్‌టుపుల్స్ వాడితే ఈ చిక్కు ఉండదు.

ఆర్‌లోనూ దారులున్నాయి. తేదీల వెక్టర్‌ని యాజ్ డాట్ లిస్ట్‌తో జాబితాగా మార్చి లూప్‌కి ఇవ్వాలి. లేదంటే సీక్ అలాంగ్‌తో స్థానాల మీద తిరుగుతూ, ఒక్కో తేదీనీ చదరపు బ్రాకెట్లతో తీసుకోవాలి. నేను రెండోదే వాడతాను.

అయితే ఈ జాగ్రత్తంతా రాసేవాళ్ల మీదే వదిలేయడం న్యాయం కాదు. డేటాఫ్రేమ్‌లో టెక్స్ట్‌ని దానంతటదే ఫ్యాక్టర్‌గా మార్చే పాత అలవాటును ఆర్ 2020లో, 4.0.0 వెర్షన్‌తో మానుకుంది. పాత కోడ్ దెబ్బతింటుందని తెలిసీ ఆ మార్పు చేశారు. ఫర్ లూప్‌లో క్లాస్ ఊడిపోతున్నప్పుడు ఒక్క వార్నింగ్ ఇవ్వమని అడగడం అంతకంటే చాలా చిన్న కోరిక.