లక్షల వాచీకి బెల్టు మారిస్తే గీత ఎందుకు పడుతోంది?

లక్షలు పోసి కొన్న స్విస్ వాచీకి మొదటి గీత బయట ఏ గోడో తగిలి పడుతుందనుకుంటాం. చాలాసార్లు అది ఇంట్లోనే, బెల్టు మార్చేటప్పుడే పడుతుంది. చేయి తిరగనివాడు మారిస్తే ఇంతే అని అందరూ తీసిపారేస్తారు. అది సగం నిజం. మిగతా సగం తప్పు ఆ వాచీ తయారుచేసినవాళ్లది.

వాచీ ఒళ్లయిన లోహపు డబ్బాను కేసు అంటారు, దానికి పైనా కిందా పొడుచుకొచ్చే కొమ్ముల్ని లగ్స్ అంటారు. వాటి మధ్య బెల్టును పట్టి ఉంచేది ఓ చిన్న స్ప్రింగ్ పిన్ను. నొక్కితే దాని కొసలు లోపలికి పోతాయి, వదిలితే లగ్ లోపలి గుంతల్లో కూర్చుంటాయి. విప్పాలంటే చీలిన మొన ఉన్న పనిముట్టును సందులో దూర్చి, పిన్ను అంచును పట్టి లాగాలి. పనంతా తడుముకుంటూ చేయాల్సిందే, సందు తప్ప ఏమీ కనిపించదు. పనిముట్టుది గట్టిపరిచిన స్టీలు. కేసుది సాధారణంగా 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలు, దానికన్నా చాలా మెత్తన. రోలెక్స్ వాడే 904ఎల్ కూడా తుప్పును బాగా తట్టుకుంటుంది గానీ గీతను కాదు. మొన అర మిల్లీమీటరు జారితే చాలు.

తోలు బెల్టుతో ఇంత ఇబ్బంది ఉండదు, అది కాస్త వంగుతుంది. అసలు చిక్కు స్టీలు చైనుతోనే. దాని చివరి ముక్క లగ్స్ మధ్య వెంట్రుకవాసి సందు కూడా లేకుండా కూర్చుంటుంది. అందుకే తీయడం కన్నా తిరిగి బిగించడంలోనే ప్రమాదం ఎక్కువ. ఒక కొస గుంతలో పడుతుంది, రెండోది బయటికి పొడుచుకుని లగ్ గోడను గీకుతూ పోతుంది. స్విట్జర్లాండ్‌లోని ల లోక్ల్ పట్టణంలో 1791 నుంచి ఉన్న బెర్జియాన్ సంస్థ అమ్మే 7825 పటకారు రెండు కొసల్నీ ఒకేసారి నొక్కుతుంది. చైను తరచూ మార్చేవాళ్లకు అది దండగ ఖర్చు కాదు. అది లేకపోతే లగ్స్ వెనుకవైపూ అంచులకూ క్యాప్టన్ అనే పల్చని ప్లాస్టిక్ టేపో, పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపో అంటించాలి. కింద పరిచే గుడ్డ దులిపి వేయాలి. మన ఇళ్ల దుమ్ములో ఉండే ఇసుక రేణువు స్టీలును గీయగలదు. సఫైర్ అద్దానికి మాత్రం దానివల్ల ఏమీ కాదు. విజయవాడ, విశాఖ ఎండల్లో రోజూ పెట్టుకునే వాచీ అయితే చెమట ఉప్పుకు పిన్ను బిగుసుకుపోతుంది. దాన్ని బలవంతంగా పెకిలించబోతేనే మొన జారుతుంది. వాటర్ రెసిస్టెంట్ వాచీ అయితే క్రౌన్ (టైము తిప్పే పక్క మర) బిగించి, ముందు గోరువెచ్చని నీళ్లతో, మెత్తని బ్రష్‌తో కడగడం మేలు.

లగ్ లోపలి గోడ మీద పడ్డ గీతల గురించి బెంగపడేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. చైను పెట్టాక అవి ఎవరికీ కనబడవు. బయటి అంచు మీద పడితేనే నష్టం. పాలిష్ చేయిస్తే పోతుందిగా అంటారు. పాలిష్ అంటే లోహాన్ని అరగదీయడమే. నాలుగుసార్లు చేయిస్తే లగ్ పదును పోయి గుండ్రబడుతుంది. పాత వాచీలు కొనేవాళ్లు పాలిష్ తగలని కేసుకే ఎక్కువ ధర పెట్టడానికి కారణం ఇదే.

ఇంత యాతనకు మందు ఎప్పుడో ఉంది. లగ్‌కు బయటిదాకా రంధ్రం ఉంటే సన్నని పుల్లతో పిన్ను కొసను తిన్నగా నొక్కేయొచ్చు, పక్కకు జారే పనే ఉండదు. 1996లో వచ్చిన సైకో ఎస్‌కేఎక్స్007 అనే చవక డైవర్ వాచీకి ఆ రంధ్రాలున్నాయి. రోలెక్స్ సబ్‌మెరైనర్‌కూ ఒకప్పుడు ఉండేవి, 2000 దశకంలో తీసేశారు. పక్క నుంచి చూస్తే కేసు నున్నగా, ఖరీదుగా కనబడుతుంది మరి! అందం కోసం కంపెనీ చేసిన పనికి మూల్యం కొన్నవాడి కేసు మీద పడుతోంది.

కొన్ని సంస్థలు వేరే దారి పట్టాయి. వషరాన్ కాన్‌స్టాంటిన్ 2016 నాటి ఓవర్సీస్ మోడల్‌లో, కార్టియే 2018 నాటి శాంటోస్ మోడల్‌లో పనిముట్టు లేకుండానే బెల్టూ చైనూ మార్చుకునే ఏర్పాటు చేశాయి. గీతల బెడద తీరింది. కాకపోతే ఆ బెల్టులు చాలావరకు ఆ కంపెనీ దగ్గరే, ఆ కంపెనీ చెప్పిన ధరకే కొనాలి. నన్నడిగితే రంధ్రమే నయం, వెడల్పు సరిపోయే మామూలు బెల్టు ఏదైనా పడుతుంది.

2024 మార్చిలో స్విట్జర్లాండ్ కూడా ఉన్న ఎఫ్టా వాణిజ్య కూటమి దేశాలతో మన ఒప్పందం కుదిరాక స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం దశలవారీగా తగ్గే వీలు ఏర్పడింది. పెళ్లికొడుక్కి వాచీ పెట్టే ఆనవాయితీ ఉన్న మన ఇళ్లలో ఇకపై ఆ పేర్లు మరింత వినిపిస్తాయి. షోరూముకు వెళ్లినవాళ్లు డయల్ రంగుతో పాటు కేసు పక్కకు తిప్పి రంధ్రం ఉందో లేదో చూడాలి. లేకపోతే, చైను ఎలా మారుస్తారో కౌంటర్ మీదే ఒకసారి చేసి చూపించమని అడగాలి. అమ్మేవాడి చేయి తడబడితే ఆ మోడల్ సంగతి అక్కడే తెలిసిపోతుంది.