నమ్మకం మీద నడిచే రైళ్లు

పరాయి దేశాల్లో మెట్రో రైళ్లను జనాన్ని మోయడానికి నడుపుతారని చాలామంది అనుకుంటారు. శుద్ధ అబద్ధం. చదువుకున్నవాళ్ల పొగరు దించడానికే నడుపుతారు. పైగా ఆ పని టైముకి చేస్తారు.

మొదట మ్యాపు సంగతి చూద్దాం. లండన్ మెట్రో మ్యాపును 1931లో హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ కరెంటు సర్క్యూట్ బొమ్మలా గీశాడు. 1933లో అచ్చేశారు. అడ్డగీతలు, నిలువుగీతలు, 45 డిగ్రీల ఏటవాలు గీతలు, అంతే. నేల మీది దూరాలతో దానికి పనిలేదు. సర్క్యూట్‌ని నమ్ముకున్నాక షాక్ కొట్టిందని ఏడవకూడదు కదా! లెస్టర్ స్క్వేర్ స్టేషన్ నుంచి పక్క స్టేషన్ కోవెంట్ గార్డెన్‌కి సుమారు 260 మీటర్లు. నేను మాత్రం పాతాళానికి దిగి, రైలెక్కి, లిఫ్టులో మళ్లీ భూలోకానికి వచ్చాను. నడిచినవాళ్లు అప్పటికే కాఫీ తాగుతున్నారు.

మాస్కోలో ఇంకో ఏర్పాటు. ఊరి నడిబొడ్డుకి వెళ్లే రైల్లో స్టేషన్ల పేర్లు మగ గొంతు చెబుతుంది, బయటికి వెళ్లే రైల్లో ఆడ గొంతు. ఎవరి మాటా చెవికెక్కించుకోని నాలాంటివాడికి ఏ గొంతైతేనేం?

టోక్యోలోని షింజుకు స్టేషన్‌కి బయటికెళ్లే దారులు 200 పైనే. రైలు దిగాక అసలు ప్రయాణం మొదలవుతుంది. 2017లో అదే దేశంలో ఒక రైలు 20 సెకన్లు ముందే బయల్దేరిందని కంపెనీ క్షమాపణ చెప్పింది. మనకి 20 సెకన్లంటే చెప్పు సరిచేసుకునే టైము. ఇలాంటి వాళ్ల మధ్య మనిషన్నవాడు ఎలా బతుకుతాడు?

వీటన్నిటినీ క్షమించగలను కానీ, బెర్లిన్‌ని క్షమించలేను. అక్కడ స్టేషన్లకి గేట్లుండవు. నిన్ను నమ్ముతున్నాం, పో అంటారు. ఇంతకంటే టెన్షన్ ఏముంటుంది? గేటుంటే అదే ఆపుతుంది, తప్పు దాని మీదకి నెట్టేయొచ్చు. కాగితం టికెట్ కొన్నాక ప్లాట్‌ఫామ్ మీదున్న చిన్న పెట్టెలో దూర్చి ముద్ర వేయించుకోవాలి. ఆ పెట్టెని ‘ఎంట్‌వెర్టర్’ అంటారు. అంటే విలువ తీసేసేది అని. విలువ తీసేస్తేనే టికెట్ చెల్లుతుందట! ముద్ర లేకపోతే, డబ్బులు పోసి కొన్న టికెట్ చేతిలో ఉన్నా దొంగ కిందే లెక్క, జరిమానా 60 యూరోలు. తనిఖీవాళ్లేమో ఒక్కోసారి మామూలు బట్టల్లో మామూలు మనుషుల్లా కూర్చుంటారు.

నేను టికెట్‌ని మొదట తలకిందులుగా దూర్చాను. తర్వాత వెనక్కి తిప్పి దూర్చాను. మూడోసారి లోపల ‘టక్’మంది. ఊదారంగులో, కొంచెం వంకరగా, తేదీ పడింది. పెళ్లి శుభలేఖ మీద కూడా తేదీని అంత శ్రద్ధగా చూసుకోలేదు.

నాలుగు రోజులు ఎక్కడికెళ్లినా ముద్ర వేసిన టికెట్‌ని రెండు వేళ్ల మధ్య జెండాలా పట్టుకుని కూర్చున్నాను. ఒక్కడు రాలేదు. అడిగినవాడు లేడు. ఇంత నిజాయితీ ఎవరికీ కనబడకుండా పోతోందే అని కడుపు మండిపోయింది.

చివరి రోజు ఇక ఉండబట్టలేక ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ముందు టికెట్ చాపి, ముద్ర మీద వేలుపెట్టి చూపించాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. గబగబా హ్యాండ్‌బ్యాగ్ అంతా వెతికి, తన టికెట్ తీసి నాకందించింది.

తీసుకుని చూశాను. ముద్ర సరిగ్గానే ఉంది. తలూపి తిరిగిచ్చేశాను.