ముందు బండికీ మన బండికీ మధ్య ఆ ఖాళీ ఎందుకండీ?

ప్రమాదం తప్పించడానికి కూడా ఒక పద్ధతీ పాడూ ఉండాలి. టైర్లు కీచుమనాలి, రబ్బరు కాలిన కంపు కొట్టాలి, వెనక సీట్లో వాళ్ళు ఇష్టదైవాన్ని తలుచుకోవాలి, ముందువాడి బంపర్‌కి బెత్తెడు దూరంలో మన బండి ఆగాలి. అప్పుడు కదా నలుగురూ "ఏం సమయస్ఫూర్తి!" అని మెచ్చుకునేది! అలా కాకుండా, ప్రమాదం ఒకటి జరగబోయిందన్న సంగతి పక్క సీట్లో మనిషికి కూడా తెలియకుండా తప్పించేసేవాళ్ళు హైవేల మీద తిరుగుతున్నారు. వీళ్ళ వల్ల సమాజానికి జరుగుతున్న నష్టం గురించి ఎవరూ నోరు మెదపడం లేదు కాబట్టి ఆ బాధ్యత నేనే తీసుకుంటున్నాను.

వీళ్ళను గుర్తుపట్టడం చాలా తేలిక. ఇసుక వేస్తే రాలనంత ట్రాఫిక్‌లో కూడా ముందు బండికీ తమ బండికీ మధ్య బోలెడు జాగా వదిలేసి నడుపుతుంటారు. మనం కట్ కొట్టి అందులో దూరితే తిట్టరు, కనీసం హారన్ కూడా కొట్టరు. ఇంకాస్త వెనక్కి తగ్గి మళ్ళీ అంతే జాగా వదులుతారు. వెనక నుంచి డిప్పర్ కొట్టినా చలనం ఉండదు. పౌరుషం చచ్చిన మనిషి ఎలా ఉంటాడో చూడాలనుకుంటే వీళ్ళను చూడాలి.

అడిగితే రెండు సెకన్ల లెక్క చెబుతారు. ముందు బండి ఒక స్తంభాన్ని దాటాక మనం ఆ స్తంభం దగ్గరికి చేరడానికి కనీసం రెండు సెకన్లు పట్టాలట, వానలో అయితే నాలుగట. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. అంటే ఒక్క మనిషి తన ముందు 56 మీటర్ల రోడ్డును ఖాళీగా అట్టేపెట్టుకుంటున్నాడన్నమాట. దీన్ని కబ్జా అనక ఏమనాలి? నేను పదంటే పదే మీటర్లు వదులుతాను. నా చేతిలో ఉండేది సెకనులో మూడో వంతు, అంటే రెప్పపాటు. నా పొదుపు అలాంటిది.

"ముందువాడి బ్రేకు లైటు నీ కంట్లో పడి, మెదడుకెక్కి, కాలు యాక్సిలరేటర్ మీంచి బ్రేకు మీదకు వచ్చేసరికి మామూలు మనిషికి ఒకటిన్నర సెకను పడుతుంది, ఈలోపే 42 మీటర్లు పోతావు" అని భయపెడతారు. మామూలు మనిషికి కదా! హైవే ఎక్కిన వాళ్ళలో మామూలు మనిషిని నేనింతవరకు చూడలేదు. ఎవర్ని అడిగినా సగటు కంటే తాను బాగానే నడుపుతానంటాడు. ఇంతమంది అబద్ధం చెబుతారా? బ్రేకు పడ్డాక కూడా పొడి రోడ్డు మీద మరో 55 మీటర్ల దాకా బండి ఆగదని, వేగం రెట్టింపైతే ఆ దూరం నాలుగింతలవుతుందని కూడా అంటారు. ముందువాడిదీ బండే కదా, వాడికి మాత్రం 55 మీటర్లు పట్టదా అని నేను గట్టిగానే అడిగాను. "పడుతుంది, వాడు దేన్నీ గుద్దకపోతే. గుద్ది ఆగితే?" అన్నారు. అలా గుద్దే రకం మనుషుల వెనక నేనెందుకు వెళ్తాను?

పైగా నా బండికి ఏబీఎస్ అనే బ్రేకుల ఏర్పాటు ఉంది. బాష్ కంపెనీ తయారుచేసిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ను 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో పెట్టిన రోజే, నా లెక్కలో గ్యాప్ అనే మూఢనమ్మకానికి కాలం చెల్లింది. అది చక్రాలు బిగుసుకుపోకుండా చూస్తుందని, కాబట్టి బ్రేకు తొక్కి ఉంచినా స్టీరింగ్ మన మాట వింటుందని, అంతకుమించి రోడ్డును పొడిగించదని వీళ్ళ వాదన. తిప్పడానికి పక్కన ఖాళీ ఉండాలి కదా అని ఒక ప్రశ్న కూడా వేస్తారు. చూశారా, ఎటు తిరిగినా మళ్ళీ ఖాళీ దగ్గరికే వస్తారు.

మా బావ ఈ బాపతే. ఒకసారి ఆయన పక్కన కూర్చుని వెళ్ళాల్సివచ్చింది. అప్పుడే వాన వెలిసింది, మూడు లైన్లూ నిండుగా ఉన్నాయి, అందరూ 80 మీద పోతున్నారు. ముందు కారును చూస్తూ నడపడం నాకు తెలిసిన విద్య. ఈయన దాని వెనక అద్దంలోంచి, ముందు అద్దంలోంచి, ఇంకా అవతల ఉన్న బండ్లను చూస్తున్నాడు. పరుల కారులోకి తొంగిచూడటం ఏం మర్యాదో ఆయన్నే అడగాలి. చాలా దూరంలో ఒక లారీ బ్రేకు లైట్లు వెలిగాయి. అంత దూరపు లైటు మన వ్యవహారం కాదు. ఈయన మాత్రం కాలు యాక్సిలరేటర్ మీంచి తీసేశాడు.

తరువాత ఓసారి అద్దంలోకి చూశాడు. వెనక ఒక ట్యాంకర్ వస్తోంది. బ్రేకు మీద మెల్లగా రెండు మూడుసార్లు కాలు ఆనించాడు, వెనకవాడికి లైటు కనబడేంత మాత్రమే. ఇండికేటర్లు నాలుగూ వేశాడు. ముందు కారు ఇవేవీ చేయకుండా వెళ్ళి, కీచుమని, తోక కాస్త పక్కకు జారి ఆగింది. అసలు చూడాల్సిన డ్రైవింగ్ అది! మాకు ఇంకా బోలెడు రోడ్డు మిగిలి ఉంది. దాన్ని మా బావ పిసినారిలా కొంచెం కొంచెంగా ఖర్చుపెట్టాడు. ఎందుకంటే మేం టక్కున ఆగితే ట్యాంకర్‌కు ఆగే దూరం చాలదట. అది దాదాపు ఆగిపోయిందని అద్దంలో చూసుకున్నాకే మేం పూర్తిగా ఆగాం. ఆగాక కూడా మూతి పక్క ఖాళీ వైపు ఉండేలా పెట్టి, బండి గేర్లోనే ఉంచి, వెనక మరో రెండు బండ్లు ఆగేదాకా అద్దం మీంచి కళ్ళు తీయలేదు.

నేను ఫోన్లోంచి తలెత్తి "ఏమైంది బావా?" అన్నాను.

"ఏమీ కాలేదు" అన్నాడు.

అదీ నా బాధ! మూత సరిగా పెట్టని నీళ్ళ సీసాలోంచి చుక్క కూడా ఒలకలేదు. నలుగురికి చెప్పుకోవడానికి ఏం మిగిలింది? "మా బావ కాలు తీశాడు" అని మొదలుపెడితే వినేవాడు నోరు తెరవకముందే కథ అయిపోతుంది. ఆ ట్యాంకర్ వెనక వచ్చిన వాళ్ళెవరికీ తాము ఆ రోజు ఒకరినొకరు గుద్దుకోబోయామని ఈనాటికీ తెలియదు. ఆగినందుకు విసుక్కుని, హారన్లు కొట్టి, వెళ్ళిపోయారు. తమ జీవితంలో అంత పెద్ద ఘట్టం వాళ్ళకు దక్కకుండా పోయింది.

ఇంతటితో ఆగినా సరిపోను. వీళ్ళు ట్రాఫిక్ జామ్‌ల జోలికి కూడా వస్తున్నారు. జపాన్ శాస్త్రవేత్తలు 22 కార్లను 230 మీటర్ల గుండ్రటి దారిలో ఒకే వేగంతో తిప్పి చూశారు, ఆ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. సిగ్నల్ లేదు, గుంత లేదు, అడ్డం వచ్చినవాడు లేడు. అయినా కాసేపటికి జామ్ పుట్టింది! ఒకడు కొంచెం తగ్గితే వెనకవాడు ఇంకొంచెం తగ్గాడు, ఆ వెనకవాడు పూర్తిగా ఆగాడు. ఆ ఆగడమనేది గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో అలలాగా వెనక్కి పాకుతూ పోయింది. ఎవరూ నాయకత్వం వహించకుండా అందరూ చెయ్యేసి నిర్మించుకున్న ఇలాంటి సామూహిక కట్టడం ఇంకెక్కడైనా ఉందా? నడిమధ్యన గ్యాప్ వదిలేవాడు ఒక్కడుంటే చాలు, ఆ కుదుపును తన ఖాళీలో మింగేసి వెనకవాళ్ళకు అందకుండా చేస్తాడు.

మా వర్గం సాధించిన ఘనవిజయం ఒకటి ఇక్కడ చెప్పాలి. కార్ల వెనక అద్దం దగ్గర ఎత్తులో మూడో బ్రేకు లైటు ఉంటుంది కదా, 1970లలో అమెరికాలో ట్యాక్సీలకు, కంపెనీ కార్లకు పెట్టి పరీక్షిస్తే వెనక నుంచి గుద్దడాలు సగానికి సగం తగ్గాయి. బెంబేలెత్తి 1986 మోడల్ నుంచి అక్కడి కార్లన్నిటికీ తప్పనిసరి చేశారు. మేం కంగారు పడలేదు, అలవాటు పడ్డాం. 1998లో అక్కడి రోడ్డు భద్రతా సంస్థ లెక్క తేల్చేసరికి తగ్గుదల 4.3 శాతం దగ్గరికి వచ్చింది. కొత్త లైటు ఎంత మెరిసినా, చూడకూడదని మనిషి గట్టిగా అనుకుంటే ఏ లైటూ ఏమీ చేయలేదు.

పొగమంచు దగ్గర మాత్రం నా సిద్ధాంతానికి కొంచెం ఇబ్బందే. 1990 డిసెంబరు 11న అమెరికాలోని టెనసీలో 75వ నంబరు ఇంటర్‌స్టేట్ హైవే మీద, పొగమంచులో 99 బండ్లు గుద్దుకున్నాయి. 12 మంది చనిపోయారు. మెరుపులాంటి రిఫ్లెక్సులున్న వాళ్ళు వాళ్ళలోనూ ఉండే ఉంటారు. ముందున్నది కళ్ళబడేసరికి ఆగడానికి రోడ్డు మిగలకపోతే రిఫ్లెక్స్ ఏం చేస్తుంది? దీనికి నా దగ్గర సమాధానం లేదు, కాబట్టి నా విన్నపానికి వస్తాను.

చివరి క్షణంలో ప్రమాదం తప్పించిన వీరులకు ఏటా పురస్కారం ఇవ్వాలి. శాలువా, జ్ఞాపిక, వీలైతే ఒక జత కొత్త టైర్లు. గ్యాప్ వదిలేవాళ్ళు కూడా మేమూ తప్పించామంటూ ఎగబడతారు, అందుకని నిబంధనలు ముందే గట్టిగా రాసుకోవాలి. ప్రమాదం జరగబోయినట్టు పక్కవాళ్ళకు తెలిసి ఉండాలి, కనీసం ఇద్దరు సాక్షులకు గుండెదడ వచ్చి ఉండాలి. రోడ్డు మీద పడిన టైరు చారల ఫొటో జతచేయాలి. ఏబీఎస్ బండ్లకు చారలు సరిగా పడవు కాబట్టి, వాళ్ళ విషయంలో పక్క సీట్లో కూర్చున్న మనిషి పెట్టిన కేక తాలూకు రికార్డింగు సరిపోతుంది. కేకా, చారా రెండూ లేని దరఖాస్తులు పరిశీలించబడవు.