రావి వేరు గారికి ఆఖరి నోటీసు

మహారాజశ్రీ రావి వేరు గారి సముఖమునకు,
అపార్ట్‌మెంటు ఓనర్ల సంఘం కార్యదర్శి వ్రాయునది.

విషయం: మా డ్రైనేజీ పైపులో తమరి అక్రమ ప్రవేశం గురించి.

గ్రౌండ్ ఫ్లోర్ బాత్రూముల్లో నీళ్లు ఎగదన్నుతున్నాయని ప్లంబరును పిలిపించాం. అతను మ్యాన్‌హోల్ మూత తీసి, చెయ్యి భుజం దాకా దూర్చి, తమరిని బయటికి లాగాడు. బారెడు సవరంలా ఉన్నారు, నల్లగా, సబ్బునురగ కారుతూ. పైపులోకి దూరిన చోట మాత్రం దారప్పోగంత సన్నం. అతుకు దగ్గర సిమెంటు నెర్రె ఇచ్చింది, తమరికి ఆ సందు చాలింది. "వేరొచ్చి పైపు పగలగొట్టలేదు సార్. పైపే ముందు కారింది, ఆ చెమ్మకి వేరొచ్చింది" అన్నాడు ప్లంబరు. ఆ మాట మినిట్స్‌లో ఎక్కించలేదు. పైపులు వేసిన కాంట్రాక్టరు మా కోశాధికారి గారి బావమరిది.

తమరి పూర్వాపరాలు విచారించాం. పాత ముద్దాయిలే. 1872లో జర్మనీలో సాక్స్ అనే ఆయన, జల్లెడలో తడి రంపపుపొట్టు పోసి, గింజలు నాటి, ఏటవాలుగా వేలాడదీశాడు. వేర్లు కన్నాల్లోంచి కిందికి దిగాయి, బయట గాలి పొడిగా తగిలేసరికి భూమ్యాకర్షణను కూడా లెక్కచెయ్యకుండా వెనక్కి తిరిగి తడి జల్లెడకే అంటుకుపోయాయి. 1880లో డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ వేరు కొసలకి ఆలివ్ నూనెలో దీపపు మసి కలిపి పూశారు. అంతే, తడి ఎటుందో తెలియక వేర్లు తిన్నగా కిందికే పోయాయి. అంటే తమరి తెలివంతా ఆ కొసలోనే ఉందని వాళ్లు అనుకున్నారు. 2007లో జపాను వాళ్లు ఆవ కుటుంబపు చిన్న మొక్క ఒకదానిలో మిజ్1 అనే జన్యువును పట్టుకున్నారు. అది చెడిపోతే వేరు తడివైపు తిరగదట. మా కమిటీ సభ్యులందరికీ ఆ పరీక్ష చేయిస్తే బాగుండునని నా వ్యక్తిగత అభిప్రాయం.

తమరికి దూరపు చూపు లేదని కూడా తేలింది. ఈ పక్క తడి ఎంత, ఆ పక్క ఎంత అన్న తేడా మాత్రమే తెలుస్తుంది. పొడిగా ఉన్న పక్క ఎక్కువ పెరిగి, కొస తడివైపు వంగుతుంది. కాబట్టి ఆ మూల నుంచి మా పైపు వాసన పట్టి మరీ వచ్చారంటూ మూడో అంతస్తు రిటైర్డ్ తాసిల్దారు గారు చేసిన ఆరోపణను ఉపసంహరించుకుంటున్నాం.

అయినా ఇంత హడావుడి దేనికండీ, నీళ్ల కోసం మేం మాత్రం తిరగడం లేదా? అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగే ఆయన్ని పిలిచాం. కాయ నిలబడ్డ చోట 1,200 అడుగుల బోరు వేయిస్తే దుమ్ము లేచి పక్క అపార్ట్‌మెంటు వాళ్ల బట్టల మీద పడింది. అమెరికాలోని అరిజోనాలో ఒక గని తవ్వుతుంటే సర్కారు తుమ్మ జాతి వేరు 53 మీటర్ల లోతున కనబడిందని గొప్పగా చెప్పుకుంటారట. 174 అడుగులు! అంత లోతుకి మా రిగ్గు వాడు టీ కూడా తాగడు. బోరుకు వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకున్నారా అని తమరు అడగరనే నమ్మకంతో ఈ సంగతి రాస్తున్నాను.

వరాహమిహిరుడు బృహత్సంహితలో నీటి జాడ కోసం చెట్లనూ పుట్టలనూ చూడమన్నాడు. నేరేడు చెట్టుకి తూర్పున దగ్గర్లో పుట్ట ఉంటే, దక్షిణాన రెండు నిలువుల లోతులో తియ్యటి నీళ్లట. ఆ ప్రకారమే చేద్దామనుకున్నాం. సెల్లారు తవ్వినప్పుడు నేరేడు పోయింది. పుట్ట మీద జనరేటరు ఉంది.

వానాకాలం బురదవుతోందని తమరి మొదలు దాకా టైల్స్ పరిపించిన మాట వాస్తవం. ఇంకుడుగుంత తవ్వించి, ఫొటో తీసి ఆఫీసులో ఇచ్చి, పూడ్పించి స్కూటర్లు పెట్టుకుంటున్న మాటా వాస్తవమే. ఈ ఆవరణలో నేల తడిగా ఉన్నది ఆ పైపు నెర్రె దగ్గరే కదా, ఇంకెక్కడికి పొమ్మంటారని తమరు వాదించవచ్చు. ఆ వాదన చెల్లదు. మెయింటెనెన్స్ కట్టని వారికి సంఘంలో మాట్లాడే హక్కు లేదు.

కావున ఈ నోటీసు అందిన 15 రోజుల్లో పైపు ఖాళీ చెయ్యవలెను. లేనిచో మైలతుత్తం పోయబడును.

లేదూ, రాజీకి వస్తామంటే ఒక ఉద్యోగం ఉంది. సంపు గోడ ఎక్కడో కారుతోంది, ఇంజనీరు వచ్చి చూసి ఫీజు తీసుకుని వెళ్లాడు గానీ చోటు చెప్పలేకపోయాడు. తమరైతే ఎటూ చూపిస్తారు. జీతం నెలకో బిందె నీళ్లు, ట్యాంకరు వస్తేనే.

ఇట్లు,
కార్యదర్శి

నకలు: ఓవర్‌హెడ్ ట్యాంకు గోడ పగులులో మొలిచిన రావి పిలక గారికి, సమాచార నిమిత్తం. కాకి రెట్టలో వచ్చి స్థిరపడిన సంగతి సంఘం దృష్టిలో ఉంది. పగులు సంగతి లేదు.