మధ్యలో మారే నిబంధనకు అప్పీలు హక్కు బలి కాకూడదు

కంపెనీల వివాదాలు, దివాలా కేసులు చూసే జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) హైదరాబాద్, అమరావతి బెంచ్‌లు ఇచ్చే ఉత్తర్వుల మీద అప్పీలు చేయాలంటే ఢిల్లీకి కాదు, చెన్నైకి రావాలి. 2021లో ఇక్కడ దాని అప్పీలు ట్రిబ్యునల్ అయిన ఎన్‌సీఎల్‌ఏటీ బెంచ్ మొదలైనప్పటి నుంచి దక్షిణాది రాష్ట్రాల అప్పీళ్లన్నీ ఇక్కడికే వస్తున్నాయి. చెన్నై ప్యారిస్ కార్నర్ చుట్టుపక్కల చాంబర్లలో ఉన్న తెలుగు లాయర్లకు విజయవాడ నుంచో, హైదరాబాద్ నుంచో ఫోన్ వచ్చిందంటే మొదట వినిపించేది కేసులో బలం ఎంత అన్న ప్రశ్న కాదు. "ఇంకా టైం ఉందా సార్?" అనే.

ఆ టెన్షన్‌కు కారణం ఉంది. దివాలా కోడ్ సెక్షన్ 61 ప్రకారం అప్పీలుకు 30 రోజులు. తగిన కారణం చూపిస్తే మరో 15 రోజులు. ఆ తర్వాత ఎంత న్యాయమైన కారణం ఉన్నా ట్రిబ్యునల్‌కు మన్నించే అధికారం లేదు. హైకోర్టులో మామూలు సివిల్ అప్పీలుకు 90 రోజులుంటాయి, ఆలస్యమైతే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద మన్నించమని అడగొచ్చు. అక్కడ అలవాటైన చెయ్యి ఇక్కడికొచ్చి తడబడుతుంది. పైగా అదే ఎన్‌సీఎల్‌టీ కంపెనీల చట్టం కింద ఉత్తర్వు ఇస్తే లెక్క వేరు: కాపీ అందిన నాటి నుంచి 45 రోజులు, ఆపైన మన్నించదగినవి మరో 45. ఒకే ట్రిబ్యునల్, ఒకే అప్పీలు వేదిక, రెండు రకాల గడువులు.

దివాలా కేసుల్లో కాపీ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే కుదరదని సుప్రీంకోర్టు 2021లో వి.నాగరాజన్ కేసులో తేల్చింది. ఆ వివాదం చెన్నై ఎన్‌సీఎల్‌టీ ఉత్తర్వు మీద పుట్టిందే. ఉత్తర్వు చదివిన నాడే గడువు మొదలవుతుంది. సర్టిఫైడ్ కాపీ తయారైన కాలాన్ని మినహాయించాలంటే ముందు ఆ కాపీకి దరఖాస్తు పెట్టి ఉండాలి. ఉచిత కాపీ ఇంకా రాలేదు అన్నది సాకుగా చెల్లదు. కఠినమైన తీర్పే, కానీ స్పష్టమైన తీర్పు. ఉత్తర్వు వచ్చిన రోజే కాపీ అప్లికేషన్ వేయమని గుమాస్తాకు చెప్పిపెట్టుకుంటే సరిపోతుంది.

స్పష్టత లేని చోటే అసలు బాధ. ఈ-ఫైలింగ్ చేశాక కాగితాల సెట్ కూడా దాఖలు చేయాలి కదా, మరి గడువు లెక్కకు ఏ తేదీ? 2022 అక్టోబరులో ఎన్‌సీఎల్‌ఏటీ ఇచ్చిన ఆదేశం ప్రకారం, నవంబరు 1 నుంచి కౌంటర్‌లో కాగితాలు ఇచ్చిన తేదీనే లెక్క అయింది. డిసెంబరులో వచ్చిన ఇంకో ఆదేశం దాన్ని తిరగేసి, ఈ-ఫైలింగ్ తేదీనే లెక్క, హార్డ్ కాపీ ఏడు రోజుల్లో ఇవ్వాలి అంది. దాదాపు రెండు నెలల్లోనే ఒకే విషయంపై రెండు ఎదురెదురు నియమాలు! సరిగ్గా ఈ గందరగోళంలో చిక్కుకున్న ఒక అప్పీలును గడువు దాటిందని కొట్టేస్తే, 2023 మేలో సుప్రీంకోర్టు దాన్ని బతికించింది. ఉత్తర్వు ఇచ్చిన రోజును లెక్కలోంచి తీసేయాలని, ఈ-ఫైల్ చేసిన తేదీనే పరిగణించాలని చెప్పింది. ఆ కక్షిదారుకు ఢిల్లీ దాకా వెళ్లే స్తోమత ఉంది. లేనివాళ్ల సంగతేమిటి? బకాయి రావాల్సిన చిన్న సరఫరాదారు, జీతాలు ఆగిపోయిన ఉద్యోగి ఒక సర్క్యులర్ తేదీ కోసం సుప్రీంకోర్టులో సీనియర్ కౌన్సిల్‌ను పెట్టుకోగలరా?

ఇలాంటి సందర్భానికి దారి చూపిన తీర్పు మన నేల నుంచే వెళ్లింది. గరికపాటి వీరయ్య కేసు. 1949లో, ఇంకా మద్రాసు ప్రావిన్స్‌గా ఉన్నప్పుడు, బాపట్ల సబ్ కోర్టులో వేసిన దావా అది. అప్పీలు మద్రాసు హైకోర్టుకు వచ్చింది, ఆంధ్ర హైకోర్టు ఏర్పడ్డాక గుంటూరుకు మారింది. ఈలోగా రాజ్యాంగం వచ్చి, పై కోర్టుకు వెళ్లడానికి కావలసిన దావా విలువను పెంచేసింది. 1957లో సుప్రీంకోర్టు ఏమందంటే, అప్పీలు హక్కు దావా వేసిన నాడే కక్షిదారుకు దక్కుతుంది. తర్వాత వచ్చే చట్టం స్పష్టంగా గానీ, తప్పనిసరి అన్వయంతో గానీ తీసేస్తే తప్ప అది పోదు.

ప్రొసీజర్ మీద ఎవరికీ అలాంటి హక్కు ఉండదని, అది మారిన రోజు నుంచే అందరికీ వర్తిస్తుందని జవాబు చెబుతారు. సూత్రంగా అది నిజమే. కానీ 46వ రోజున తలుపు శాశ్వతంగా మూసుకుపోయే చట్టంలో, ఫైలింగ్ తేదీ ఏది అన్న ప్రశ్న ఉత్త ప్రొసీజర్ ఎలా అవుతుంది? తేదీ పోతే హక్కే పోతుంది. పార్లమెంటు కూడా స్పష్టంగా చెబితే తప్ప తీసేయలేని హక్కును ఆఫీసు ఆదేశం ఒకటి తీసేస్తే ఒప్పుకోలేం.

క్రిమినల్ వైపు 2024 జులై 1న పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) వచ్చినప్పుడు కనీసం సెక్షన్ 531 ఉంది. అప్పటికే పెండింగ్‌లో ఉన్న అప్పీళ్లు పాత చట్టం కిందే సాగుతాయని అందులో రాశారు. ఆ తేదీ తర్వాత వేసే అప్పీలు కొత్త చట్టం కిందే వేయాలని కేరళ హైకోర్టు వివరించింది.    

ట్రిబ్యునల్ ఆదేశాలకు కూడా అలాంటి మినహాయింపు వాక్యం ఉండి తీరాలి. ఫైలింగ్ పద్ధతి మారితే, ఆ తేదీ తర్వాత వెలువడిన ఉత్తర్వులకే కొత్త లెక్క వర్తిస్తుందని, అప్పటికే నడుస్తున్న గడువులకు పాత పద్ధతే చెల్లుతుందని ఆదేశంలోనే రాయాలి. అసలు ఇలాంటివి సర్క్యులర్లలో కాదు, 2016 ఎన్‌సీఎల్‌ఏటీ నిబంధనల్లోనే ఉండాలి. రిజిస్ట్రీ ఎత్తిచూపిన లోపాలు (డిఫెక్ట్‌లు) సరిచేసి తిరిగి దాఖలు చేయడంలో ఆలస్యాన్ని సెక్షన్ 61 గడువుతో కలపకూడదని ఎన్‌సీఎల్‌ఏటీ ఐదుగురు సభ్యుల బెంచ్ 2022లోనే చెప్పింది. దాన్ని కూడా నిబంధనగా రాసేస్తే రిజిస్ట్రీకీ, మనకూ వాదన తగ్గుతుంది. చెన్నై బెంచ్ ముందు ప్రాక్టీస్ చేసే అడ్వకేట్లు, ముఖ్యంగా రెండు తెలుగు రాష్ట్రాల కక్షిదారుల తరఫున హాజరయ్యేవాళ్లు, ఈ సవరణ కోరుతూ బార్ తరఫున ఒక రాతపూర్వక విజ్ఞప్తి పెట్టాలి.