గంట మోగేవరకు

అక్టోబరు చివరి వారం డబ్లిన్‌లో బడులకు సెలవులు. బయట వాన, ఇంట్లో పిల్లలు. రెండూ మన మాట వినేవి కావు. మా అమ్మాయి బడిలో ఐరిష్ పురాణ కథలు విని వచ్చి ప్రశ్నలతో నా ప్రాణం తీస్తుంటే, ఆ కథలన్నిటితో బల్లమీద ఆడుకునే ఆట ఒకటి తయారుచేస్తానని నోరుజారాను. సాఫ్ట్‌వేర్‌లో ఇతరుల తప్పులు పట్టడం నా ఉద్యోగం. నా తప్పులు పట్టేవారికి మా ఇంట్లో కొదవ లేదు.

ఐర్లండ్‌లో బాలిండెరీ అనే చోట 1932లో ఒక చెక్క ఆటపలక దొరికింది. దాదాపు వెయ్యేళ్ల నాటిది, వరుసకు ఏడు చొప్పున ఏడు వరుసలు, మొత్తం నలభై తొమ్మిది గుంటలు. అదే లెక్కన వాషింగ్ మెషిన్ వచ్చిన అట్టపెట్టె కోసి 49 గళ్లు గీశాను. గుడివాడ నుంచి వచ్చి మాతో ఉంటున్న అమ్మ కళ్లజోడు సవరించుకుని చూసింది.

"పాములేవిరా?"

"ఐర్లండ్‌లో పాములు లేవమ్మా."

"పాములు లేకపోతే అది వైకుంఠపాళి ఎలా అవుతుంది?"

ఆ మాట నాకు తగిలింది. పాములకు బదులు ఒట్లు పెట్టాను. ఐరిష్ వీరులకు 'గెష్' అని ఒకటి ఉంటుంది. ఫలానా పని చేయకూడదు, ఫలానాది కాదనకూడదు అనే కట్టడి. అది తప్పితే వీరుడి పని అయిపోయినట్టే. కూ హులిన్ అంటే 'కులన్ గారి వేటకుక్క' అని అర్థం, కాబట్టి అతను కుక్కమాంసం ముట్టకూడదు. పొయ్యి దగ్గర ఎవరైనా తినమంటే కాదనకూడదు కూడా. చివరికి ముగ్గురు ముసలమ్మలు కుక్కమాంసమే వండి పిలిచారు. ఎడమచేత్తో అందుకున్నాడు, బలం పోయింది. యుద్ధంలో నిలబడే చావాలని తనను తాను రాతికి కట్టేసుకున్నాడు. భుజం మీద కాకి వాలేదాకా శత్రువులు దగ్గరికి రాలేదట. ఆ భంగిమలోనే కంచు విగ్రహం ఒకటి ఇక్కడి పెద్ద పోస్టాఫీసులో ఉంది, బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన తిరుగుబాటుకు గుర్తుగా. అమ్మకు చూపిస్తే, "పాపం, ఎవరి పిల్లవాడో" అని కళ్లు తుడుచుకుంది.

ఆ తరువాత అమ్మ కథలన్నీ చెప్పించుకుంది. కుటిలమైన కంటిచూపుతో సైన్యాలనే కూల్చే బాలర్ అనేవాడు తన మనుమడు 'లూ' చేతిలో చస్తాడంటే, "కంసుడికి మేనల్లుడు, వీడికి మనుమడు, అంతేగా" అంది. మేవ్ రాణి ఎద్దు కోసం చేసిన యుద్ధం ఉత్తర గోగ్రహణంలో కలిసిపోయింది. చిక్కల్లా పేర్లతోనే వచ్చింది. "ఉషీన్‌ను గుర్రం మీద యవ్వనలోకానికి తీసుకెళ్లింది ఎవరనుకున్నావు? నీవ్!" అన్నాను. "నేనా? ఈ మోకాళ్లతోనా?" అంది.

శనివారం మా అమ్మాయి స్నేహితులు ముగ్గురు వచ్చారు. పాచిక వేశారు, చీట్లు తీశారు. అక్కడితో నా అధికారం అయిపోయింది.

మొదటి పిల్లకు లిర్ రాజు బిడ్డల చీటీ. సవతితల్లి శాపంతో 900 ఏళ్లు హంస. ఆ హంసలకు మనుషుల గొంతు పోలేదు, పాడుతూనే ఉండేవి. శాపం తీరేది గంట మోగినప్పుడు. అందుకని 'గంట మోగేవరకు ఆడకూడదు, పాడుతూ ఉండాలి' అని రాశాను. గంట ఏదీ? ఇంట్లో ఉన్నది ఒక్కటే.

"దేవుడి గంటతో ఆటలేమిటిరా!" అని అమ్మ దాన్ని చీరకొంగున దాచేసింది. ఆ పిల్లకు వచ్చిన పాట కూడా ఒక్కటే.

రెండోవాడు ఉషీన్. మూడు వందల ఏళ్ల తరువాత తిరిగొచ్చి నేలమీద కాలు పెట్టగానే పండు ముసలివాడైపోయిన పెద్దమనిషి. 'నేలకు కాలు తగలకూడదు' అని రాసి, ఎంతసేపో రాయడం మరిచాను. వాడు సోఫా మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అరగంటకు బాత్రూము గుర్తొచ్చింది. తెల్ల గుర్రం లేదు కాబట్టి నేనే వంగాను. బాత్రూము మేడమీద. కథలో తెగింది జీను పట్టీ, ఇక్కడ నా నడుము.

మూడోవాడు కూ హులిన్. పిల్లల ఆటలో కుక్కమాంసం బాగుండదని, నా తెలివి ఉపయోగించి, 'నూనెలో వేగినవి తినకూడదు' అని మార్చాను. ఆరోగ్యానికీ మంచిదే కదా. రెండో ఒట్టు ముట్టుకోలేదు: 'పెద్దామె తినమంటే కాదనకూడదు.'

వంటింట్లోంచి అమ్మ పునుగుల పళ్లెంతో వచ్చింది.

అమ్మకు వాళ్ల భాష రాదు, వాళ్లకు తెలుగు రాదు, పళ్లెం భాష అందరికీ వచ్చు. వాడు పళ్లెం వంక చూశాడు, చీటీ వంక చూశాడు. అమ్మ పళ్లెం మరింత ముందుకు జరిపింది. మా ఇంట్లో అమ్మ పళ్లెం కాదన్న వీరుడు ఇంతవరకు పుట్టలేదు. ఎడమచేత్తో అందుకున్నాడు. పిల్లవాడికి కథ బాగానే వచ్చు.

"అయితే నిన్ను కట్టేయాలి" అంది మా అమ్మాయి, ఏ జాలీ లేకుండా. మా ఆవిడ చున్నీతో మెట్ల దగ్గరి కర్రస్తంభానికి కట్టేసింది కూడా. నేను ఉషీన్‌ను వీపున మోసుకుంటూ మెట్లు దిగుతున్నాను, విప్పమని అరిచాను. హంస పాటలో నా మాట ఎవరికీ వినపడలేదు.

అప్పుడు వాకిలి గంట మోగింది.

"గంట! గంట!" అంటూ హంస ఎగిరి గంతేసింది. మా ఆవిడ తలుపు తీసింది. ఎదురుగా కూ హులిన్ తండ్రి, ఆరడుగుల మనిషి, వానకోటు. స్తంభానికి కట్టిన కొడుకును చూశాడు. వాడు చక్కగా తల వాల్చి, నోట్లో పునుగుతో ప్రాణాలు విడుస్తున్నాడు. మెట్ల మధ్యలో వంగిపోయిన నన్ను చూశాడు. ఏ భాషలో క్షమాపణ మొదలుపెట్టాలో నాకు తోచలేదు. ఆయన కొడుకు చుట్టూ ఒకసారి తిరిగి, మెడ వంచి పరీక్షగా చూశాడు.

"కాకి ఏది?" అన్నాడు.

మా అమ్మాయి నా నల్ల మేజోడు కోసం నన్ను తోసుకుంటూ మేడమీదికి పరుగెత్తింది.