బూజు పనిని బూజును చేసుకోనివ్వండి

ప్రతి కుటుంబానికీ ఒక అధికారిక చరిత్ర ఉంటుంది. దాన్ని ఎవరూ రాయరు. పెద్దలు చెబుతారు, పిల్లలు తలూపుతారు, ముప్పై ఏళ్లు గడిచేసరికి అది శిలాశాసనం అవుతుంది. మా ఇంటి శాసనం ప్రకారం తాతయ్య నవ్వగా చూసినవారు లేరు. మామయ్యకు ఒకప్పుడు దువ్వెన విరిగేంత జుట్టు ఉండేది. నేను ఒక్క పూటలో, ఒక్కసారి కూడా పడకుండా సైకిలు నేర్చుకున్నాను. అటక మీది అట్టపెట్టెలో నాలుగు వీడియో క్యాసెట్లు బయటపడే వరకు ఈ మూడింటి మీదా ఎలాంటి వివాదమూ లేదు.

పాత టేపులు దొరికితే జనం మురిసిపోతున్నారు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి బంధువులందరికీ పంచిపెడుతున్నారు. ఇంతటి ప్రమాదకరమైన పత్రాలను విచక్షణ లేకుండా బయటపెట్టడం మీద బాధ్యత గల పౌరుడిగా నా తీవ్ర అభ్యంతరం తెలియజేస్తున్నాను.

పూర్వం ఇంత ముప్పు లేదు. ఇంట్లో సినిమాలు తీసుకోవడానికి 1965లో వచ్చిన సూపర్ 8 ఫిల్ము రీలు పొడవు 50 అడుగులు. సెకనుకు 18 ఫ్రేముల చొప్పున తిరిగితే 3 నిమిషాల 20 సెకన్లలో అయిపోయేది. మొదట్లో దానికి శబ్దం కూడా లేదు. అంతసేపు ఎవరైనా బుద్ధిగా ఉండగలరు. భుజాల మీద చేతులు వేసుకుని, కెమెరా వైపు చెయ్యి ఊపి, నవ్వడం ముగించేలోగా రీలు అయిపోయేది, పరువు దక్కేది. తరవాత మూడు గంటల క్యాసెట్ వచ్చింది, అదీ శబ్దంతో సహా. మూడు గంటల పాటు బుద్ధిగా ఉండగలిగిన కుటుంబం ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు.

మా నాన్నగారు ఆ మూడు గంటల్లో ఒక్క నిమిషాన్నీ వదల్లేదు. కెమెరాలో తేదీ సరిచేయడం ఆయనకు అనవసరమనిపించింది కాబట్టి, మా ఇంట్లో జరిగిన పెళ్లి, వేసవి సెలవులు, నా చెయ్యి విరగడం అన్నీ జనవరి 1నే జరిగినట్టు తెర మూలన నమోదై ఉన్నాయి. జూమ్ మీట ఒకటి ఉందన్న సంగతిని ఆయన క్షణమైనా మరచిపోలేదు. ఆన్, ఆఫ్ మీటల విషయంలో మాత్రం అంత స్పష్టత లేదు. తీస్తున్నాననుకున్నప్పుడు కెమెరా ఆగి ఉండేది, ఆపాననుకున్నప్పుడు తిరుగుతూ ఉండేది. చెల్లెలు వేసిన మొదటి అడుగు ఏ టేపులోనూ లేదు. దానికి ముందు గోడ ఉంది, తరవాత చప్పట్లు ఉన్నాయి.

ఇది ఆయన ఒక్కరి లోపమని నేను అనను. 1895లో, సినిమాకు ఆద్యులైన ఫ్రాన్స్‌కు చెందిన లూమియేర్ సోదరుల్లో తమ్ముడు కెమెరా పెట్టి, అన్నా వదినా పసిపాపకు తినిపిస్తుండగా తీశాడు. నిమిషం కూడా లేని ఆ చిత్రంలో పాపను వదిలేసి, వెనక గాలికి కదులుతున్న ఆకులను చూసి ప్రేక్షకులు అబ్బురపడ్డారని చెబుతారు. తీసేవాడు ఒకటి చూపిస్తాడు, చూసేవాడు ఇంకొకటి చూస్తాడు. ప్రమాదమంతా వెనకాల ఉంటుంది.

మా రెండో టేపులో ముందు వరసలో నేను పద్యం అప్పజెబుతున్నాను. వెనక వసారాలో తాతయ్య నెత్తిన బుట్ట బోర్లించుకుని, ఉయ్యాలలోని చెల్లెలి ముందు గంతులు వేస్తున్నారు. నవ్వుతున్నారు కూడా. వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. సందేహం లేదు, పళ్లు లెక్కపెట్టవచ్చు. మామయ్య జుట్టు గురించి, ఆ రోజు గాలి వీచిందని మాత్రం చెప్పి ఊరుకుంటాను. ఇక సైకిలు విషయంలో పదకొండు పతనాలు ఉన్నాయి. పన్నెండోసారి ఎక్కనని నేను నేల మీద బైఠాయించాను.

అదృష్టవశాత్తూ ప్రకృతి మన పక్షాన ఉంది. టేపంటే ప్లాస్టిక్ పట్టీకి జిగురుతో అంటించిన అయస్కాంత పొడి, అంతే. గాలిలోని తేమ తాగి ఆ జిగురు మెత్తబడుతుంది, పొడి రాలుతుంది, పైన తెల్లగా బూజు పడుతుంది. పరిశ్రమ కూడా తన వంతు చేసింది. జపాన్‌లోని ఫునాయ్ కంపెనీ 2016 జులైలో వీసీఆర్‌ల, అంటే ఈ టేపులు ఆడించే యంత్రాల, తయారీ ఆపేసింది. ఇన్ని శక్తులు కలిసి మన పరువు కాపాడుతుంటే, మనం ఎందుకు అడ్డుపడాలి?

నాలుగో టేపు గురించి కూడా చెప్పాలి. అందులో ఇరవై రెండు నిమిషాల పాటు నేల తప్ప ఏమీ లేదు. నాన్నగారు కెమెరా ఆపాననుకుని భుజాన వేలాడదీసుకుని అమ్మతో కలిసి నడుస్తున్నారు. కెమెరా ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది కాబట్టి, నాలుగు టేపుల్లోనూ ఆయన కనిపించేది ఇక్కడే, అదీ చెప్పుల వరకు.

"చిన్నవాడు చురుకైనవాడండీ. పెద్దవాడి సంగతే నాకేమీ అర్థం కాదు" అంటుంది అమ్మ.

కాసేపు చెప్పుల చప్పుడు.

"వాడికీ వస్తుందిలే. కాస్త ఆలస్యంగా."

ఆ ఇంట్లో పెద్దవాడు ఎవరన్నది ఈ చర్చకు అప్రస్తుతం. సాక్ష్యం పరిశీలించే నిమిత్తం ఆ భాగాన్ని ఆరుసార్లు చూడవలసి వచ్చింది. అరువు తెచ్చిన వీసీఆర్‌ను ఇంకా తిరిగి ఇవ్వలేదు. విచారణ నడుస్తోంది.

నిన్న తమ్ముడు ఫోను చేశాడు. "నాలుగో దాంట్లో ఏముంది అన్నయ్యా?" అని అడిగాడు.

"కాళ్లు" అన్నాను. బొమ్మ వరకు అది అక్షరాలా నిజం.